చీనీ తోట పటం

ఫ్యాక్షన్ రోజులు. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోట, ఆదివారం ఉదయం. ఉన్నవారు: నేను, తోట యజమాని ఓబన్న, ఆయన మనుషులిద్దరు.

ఓబన్నది మా ఎదుటి పార్టీ. నా చెట్లు ఎండిపోతుంటే, ఆయన డ్రిప్పు పైపులు ఎలా వేశాడో చూద్దామని చెప్పకుండా వెళ్లాను. అలవాటుగా డైరీలో పటం గీస్తుంటే పట్టుకున్నారు.

"దోవలు రాసుకుంటాండాడన్నా. యాడ కాపు కాయాల్నో చూసుకోను వచ్చినాడు," అన్నాడొకడు కొడవలి తీసి.

ఓబన్న డైరీ లాక్కుని చాలాసేపు చూశాడు. "వాల్వు ఈడ పెడితే చివరి చెట్లకు నీళ్లెట్ల పోతాయి మామా?" అంటూ నా పెన్నుతోనే దిద్ది, డైరీ తిరిగిచ్చి పంపేశాడు.

సంగతి ఎలా తెలిసిందో, మరునాడు ఉదయం మా పార్టీవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. "ఆ తోట పటం ఇయ్యి మామా, పనుండాది."

"ఉండండప్పా," అని లోపలికి వెళ్లి, వాల్వుల వరుస మరోసారి చదువుకుని, పేజీ చించి పొయ్యిలో వేశాను. నా డైరీలన్నిటిలో లేని పేజీ అదొక్కటే.