ఎంసెట్‌లో రాని చలి

మా ఫిజిక్స్ మాస్టారు ఆదివారం తెల్లారేసరికి పోయారు. కాలేజీ కరస్పాండెంట్ గారి ఎస్సెమ్మెస్ చూసి నాకు తెలిసింది. "తీరని లోటు" అట. చేతులారా ఆ మాస్టారిని వెళ్లగొట్టిన మనిషి ఆ మాట ఏ మొహం పెట్టుకుని రాశాడో.

నేను అక్కడే కెమిస్ట్రీ చెబుతాను. మాస్టారికి ఒకటే పిచ్చి ఉండేది. గుంటూరు ఎండలో, ఫ్యాను తిరగని స్టాఫ్ రూములో కూర్చుని, కదలిక దాదాపు ఆగిపోయేంత చల్లబరిచిన అణువులు అయస్కాంత క్షేత్రంలో ఎంతసేపు నిలుస్తాయో లెక్కలు కట్టేవారు. "చల్లబరచడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తమ్మా" అనేవారు. తోటి లెక్చరర్లు "చలి మాస్టారు" అని వెనకాల నవ్వేవారు. బిట్లు బట్టీ పట్టించడం తప్ప ఏమీ రాని మేధావులు లెండి.

ఒక ఏప్రిల్లో మాస్టారు పిల్లల్ని కాలేజీ బస్సులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. లోపల ఒక వరసంతా బూజు వాసన. తూకం పెరుగుతుందని ఏ రైతో కాయల మీద నీళ్లు చల్లి బస్తాలు కుట్టించాడు, పక్క బస్తాలకీ పాకింది.

"చలి ఒక్కటే కాపాడదర్రా," అన్నారు మాస్టారు. "అణువులూ అంతే. ఒక తీరున నిలబడ్డవాటినే అయస్కాంతం పట్టి ఉంచుతుంది. పక్కదాన్ని గుద్దుకుని తిరగబడిందా, పట్టుకున్న ఆ అయస్కాంతమే బయటికి గెంటుతుంది."

మర్నాడు కరస్పాండెంట్ గారు పిలిపించారు.

"ఇది ఎంసెట్‌లో ఎన్ని మార్కులకి వస్తుందండీ మాస్టారూ?"

"రాదండి."

"రానిదానికి మన డీజిలెందుకండీ?"

వారానికి ఒక్క గంట, పరీక్షకు రాని ఫిజిక్స్ చెప్పుకోనివ్వమని మాస్టారు బతిమాలారు. ఆ గంట కోసమే ఆయన ఆ కొలువులో ఉన్నారు. సెలవులయ్యాక గంటా లేదు, మాస్టారికి ఉద్యోగమూ లేదు. నేను అడగబోతే "మీకెందుకమ్మా" అన్నారు కరస్పాండెంట్ గారు. మిగతా మేధావులు టీ తాగుతున్నారు.

సామాన్లు సర్దుకుంటూ మాస్టారు నవ్వారు. "తిరగబడ్డాను కదమ్మా, గెంటింది. సూత్రం సరిగ్గానే పనిచేసింది." నాకు తెలిసిన కాస్త ఫిజిక్సూ ఆయన పెట్టిన భిక్షే.

ఆ ఆదివారం మాస్టారి ఇంటి ముందు ఫ్రీజర్ పెట్టె పెట్టారు. కరస్పాండెంట్ గారు నిలువెత్తు దండతో, ఫొటోగ్రాఫరుతో దిగారు. దండ అద్దం మీద నిలవక జారిపోతోంది.

"మూత తీయించండమ్మా, మెడలో వేద్దాం," అన్నారు.

మాస్టారి భార్య కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "వద్దండి. ఇప్పుడైనా ఆయన్ని ఎవరూ తాకకుండా ఉండనివ్వండి."

కరస్పాండెంట్ గారు చెమటలు కక్కుతూ దండ పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎండకి పూలు వాడిపోతున్నాయి. అద్దానికి అవతల మాస్టారు కదలకుండా, చల్లగా ఉన్నారు.