పెద్దగరిటెకు ఉప్పు చూసిన పిల్లలు

బస్సు డిపో క్యాంటీనులో ముప్పై ఒక్క ఏళ్లు వంట చేసిన ఆవిడను డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరూ పెద్దగరిటె అనేవారు. ఎదురుపడితే మాత్రం బుద్ధిగా అమ్మా అని పిలిచేవారు. చాటున తనను ఏమంటారో ఆవిడకు తెలుసు. ఏమీ అనుకునేది కాదు సరికదా, లోలోపల ఆ పేరంటే కాస్త ఇష్టం కూడా.

రోజుకు నాలుగు వందల మందికి వండినా ఏనాడూ ఉప్పు కొలిచి వేసింది లేదు. మూత తీసి, పైకి లేచిన ఆవిరిని ఒక్కసారి పీల్చి, "ఇంకో అరగుప్పెడు పడాలి" అనేది. ఆ అరగుప్పెడు పడితే ఇక తిరుగుండేది కాదు.

యాభై ఎనిమిదో ఏట ఆవిడకు పది రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ వాసనను, రుచిని వెంట తీసుకుపోయింది. కారం తిన్నా కాగితం నమిలినా ఒకటే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వంటమనిషి నోట రుచి లేదని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అలవాటైన చేతిని నమ్ముకుని, గుప్పెళ్లు లెక్కపెట్టుకుంటూ రెండు నెలలు నెట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం గ్యాస్ బండ మార్చే హడావుడిలో బంగాళాదుంపల కూరకు రెండుసార్లు ఉప్పు పడింది. మొదటి వరసలో కూర్చున్న డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కూర పక్కకు నెట్టి, మిగిలింది తిని లేచిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది అనుకుంది ఆవిడ. ఆ వారమే మోకాళ్ల నొప్పులని కాగితం రాసిచ్చి ఉద్యోగం మానేసింది.

ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు తన ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కర్తే రొట్టె ముక్కలు, అరటిపళ్లు, పెరుగు తిని కాలక్షేపం చేసేది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కూతురు అడిగితే, "వండీ వండీ విసుగొచ్చిందే" అని తప్పించుకునేది.

ఎండాకాలం బడులు మూసేశారు. కూతురి పిల్లల్ని చూసుకునే వాళ్ల పక్కింటావిడ తన చెల్లెలి దగ్గరకు వెళ్లింది. దాంతో ఒకరోజు పొద్దున్నే కూతురు పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్దది ఏడేళ్ల ఆడపిల్ల, చూసినదాన్నల్లా ప్రశ్నించే రకం. చిన్నవాడికి నాలుగేళ్లు. వాణ్ణి అందరూ బుడ్డోడు అనేవారు.

"సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళ్తానమ్మా. డబ్బాల్లో అన్నం కూర పెట్టాను, నువ్వేం వండక్కర్లేదు" అని చెప్పి బస్సుకు పరుగెత్తింది.

వంటగది కిటికీ గట్టు మీద పెట్టిన డబ్బాలు మధ్యాహ్నం దాకా ఎండలో కాగాయి. పెద్దపిల్ల మూత తీసి ముక్కు మూసుకుంది.

"అమ్మమ్మా, ఇది పాడైపోయింది."

ఆవిడ డబ్బా అందుకుని వాసన చూసింది. ఏమీ తెలియలేదు. పిల్ల అనకపోతే నా చేత్తోనే తినిపించి ఉండేదాన్ని కదా అనుకుంది. డబ్బాలు రెండూ ఖాళీ చేసి కడిగి పెట్టింది. ఇంట్లో చూస్తే ఆరు కీరదోసకాయలు, పెద్ద గిన్నెడు పెరుగు, కిటికీలో పెంచుకున్న పుదీనా, రొట్టె ఉన్నాయి. ఇద్దరి కడుపుల్లోనూ ఎలకలు పరుగెడుతున్నాయి. స్టవ్ ముట్టించాలంటేనే ఒళ్లు మండేంత ఎండ బయట.

"పొయ్యి లేకుండా వండుకుందాం. చేతులు కడుక్కుని రండి" అంది.

బుడ్డోడికి ఫోర్కు ఇచ్చి పెరుగు చిలకమంది. సగం గిన్నెలో ఉంది, పావు నేల మీద, మిగిలింది వాడి జుట్టులో. పెద్దపిల్ల దోసకాయలు తురిమింది. చివరి ముక్క దగ్గర వేళ్లు ఎలా వెనక్కి మడుచుకోవాలో అమ్మమ్మ తన చేతిని దాని చేతి మీద పెట్టి చూపించింది. పుదీనా ఆకులు చింపే పని బుడ్డోడిదే. చల్లటి నీళ్లు కలిపి, కాస్త మిరియాల పొడి చల్లాక ఉప్పు దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు చూసి చెప్పవే" అంది మనవరాలితో.

దానికదే పెద్ద గౌరవం. చెంచాతో నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "ఇంకొంచెం కావాలి. ఇప్పుడు నిద్రపోతున్నట్టుంది." చిటికెడు వేశారు. "ఆ, లేచింది."

పచ్చగా కనబడిన దేన్నీ ముట్టని బుడ్డోడు రెండు గిన్నెలు తాగాడు. "ఇందులో ఆకులున్నాయిరా" అని అక్క వేళాకోళం చేస్తే, "ఇవి నేను చింపిన ఆకులు" అన్నాడు వాడు.

ముప్పై ఏళ్లు నాలుగు వందల మందికి వండిన చెయ్యి ముగ్గురికి వండటం మరిచిపోయింది. ఇంకా సగానికి పైగా మిగిలింది. "ఇంకా ఎవరొస్తున్నారు అమ్మమ్మా?" అని పెద్దపిల్ల అడిగింది. ఎవరూ రావడం లేదు కాబట్టి ముగ్గురూ కలిసి ఆ అంతస్తులోని ఇళ్లన్నిటికీ తలో గ్లాసూ పంచి వచ్చారు. తలుపు తీసిన ప్రతివాళ్లకూ "నేను చింపాను" అని బుడ్డోడు చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి కూతురు డబ్బాలు పంపలేదు. పిల్లలు రోజూ రాగానే "ఇవాళ ఏం వంట?" అనేవారు. ఉడికించిన గుడ్లు నీళ్లలో ముంచి పెంకు తీశారు. అలా తీస్తే పెంకుతో పాటు గుడ్డు ఊడి రాదని క్యాంటీనులో నేర్చుకున్న కిటుకు. టమాటా ముక్కలు రొట్టె మీద పేర్చి, వాటికి ముఖాలు పెట్టి, పేర్లు పెట్టి తిన్నారు. మాగిన మామిడిపండు పిసికి పెరుగులో కలిపి, చిన్న గ్లాసుల్లో పోసి, మధ్యలో చెంచా గుచ్చి ఫ్రీజరులో పెట్టారు. గడ్డ కట్టేలోపు బుడ్డోడు ఫ్రీజరు తలుపు పదకొండుసార్లు తెరిచాడు. వాడి పుణ్యమా అని అవి సాయంత్రానికి గాని గట్టిపడలేదు.

రోజూ ఉప్పు చూసేది పెద్దపిల్ల, తీపి చూసేది బుడ్డోడు. అమ్మమ్మ తమకు పెత్తనం ఇచ్చిందనుకునేవారు పాపం.

మూడో వారంలో నిమ్మరసం చేస్తున్నారు. కాయల్ని అరచేత్తో నేల మీద దొర్లిస్తే రసం బాగా దిగుతుందని ఆవిడ చెప్పింది. ఇద్దరూ బోర్లా పడుకుని గదంతా దొర్లించారు. రసం పిండారు, గింజలు ఏరారు. పంచదార డబ్బా బదులు పక్కనున్న ఉప్పు డబ్బా బుడ్డోడి చేతికి దొరికింది. మూడు చెంచాలు వేసి కలిపి, మొదటి గ్లాసు అమ్మమ్మకు ఇచ్చాడు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి ఉందేమో, ఆవిడ గటగటా తాగేసి, "బాగుంది నాన్నా" అంది.

రెండో గ్లాసు నోట పెట్టిన పెద్దపిల్ల సింకులోకి ఉమ్మేసింది. వెనక్కి తిరిగి అమ్మమ్మను, ఖాళీ గ్లాసును మార్చి మార్చి చూసింది.

"అమ్మమ్మా, అది ఉప్పు. నీకు తెలియలేదా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కూతురి దగ్గర, డిపోలో, అందరి దగ్గరా అదే చేసింది. కానీ ఆ పిల్ల చూపులో ఆరా లేదు, భయం ఉంది. ఆవిడ నేల మీద చతికిలపడి, ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు రుచి తెలియదమ్మా. వాసన కూడా తెలియదు. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచీ అంతే."

"మామిడిపండు కూడానా?" అన్నాడు బుడ్డోడు.

"అది కూడా. చల్లగా ఉందని తెలుస్తుంది, మెత్తగా ఉందని తెలుస్తుంది. అంతే."

వాడు దగ్గరకు జరిగాడు. "అయితే నేను చెప్తాలే" అని ఆవిడ ఒళ్లోకి ఎక్కాడు.

పెద్దపిల్ల మాత్రం లేచి వెళ్లి, మళ్లీ నిమ్మకాయలు పిండి, ఈసారి డబ్బాలో వేలు ముంచి నాకి చూసి మరీ పంచదార వేసి, రుచి చూసి గ్లాసు తెచ్చింది. "ముందు పుల్లగా బుగ్గలు గిల్లుతుంది. ఆ తర్వాత తీపి వచ్చి ఊరుకోబెడుతుంది" అంది. ఆవిడ తాగింది. నోటికి ఏమీ తెలియలేదు. కానీ ఆ మాట వింటూ తాగుతుంటే, ఏడాదిగా మరుగున పడిన నిమ్మరసం ఎలా ఉండేదో జ్ఞాపకం వచ్చింది. కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం కూతురు వచ్చి చెప్పులు విడుస్తుండగానే బుడ్డోడు ఎదురెళ్లాడు. "అమ్మా, అమ్మమ్మ నోరు పని చెయ్యదు. మా నోళ్లు అరువిచ్చాం."

సంగతంతా విన్నాక కూతురు భుజాన ఉన్న సంచి దించి తల్లి వైపు తిరిగింది.

"రోజూ వార్డులో పదిమందిని ఎలా ఉందని అడుగుతాను. మా అమ్మ సంగతి నాకు నాలుగేళ్లవాడు చెప్పాలా?"

"నాకు వచ్చింది ఒక్క పనే. అది కూడా పోయిందని ఏ నోటితో చెప్పను?"

"నాతో చెప్పేదానివి. నేనేమన్నా నీ వంట కోసం వస్తున్నానా ఇక్కడికి?" అంది కూతురు. గొంతులో కోపమే ఉంది గాని, తల్లి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు అన్నీ చూసి, రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలి అన్నాడు. పూటకు నాలుగు రకాల వాసనలు శ్రద్ధగా చూడమన్నాడు. ఆ బాధ్యత పిల్లలు తమ మీద వేసుకున్నారు. పొద్దున్నే నిమ్మతొక్క, లవంగం, పుదీనా, సబ్బు వరసగా తెచ్చి, "కళ్లు మూసుకో, పీల్చు, మోసం చెయ్యకు" అని ఆవిడను దబాయించేవారు. ఎండలు తగ్గినా ఏదీ తెలియలేదు. వంట మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. చివరికి పక్కిళ్ల పిల్లలు ముగ్గురు కూడా తలో కత్తిపీటా గరిటా అడుగుతూ చేరారు. ఆవిడ మొద్దు చాకులు మాత్రమే ఇచ్చింది.

బడులు తెరిచారు. అప్పటి నుంచి పిల్లలు శనివారాలు వస్తున్నారు. వానలు పట్టిన ఒక శనివారం బుడ్డోడు తడి బూట్లతో లోపలికి వచ్చి, వాటిని విప్పి, సాక్సులతో ఆవిడ ఒళ్లో కాళ్లు చాపాడు. ఆవిడ మొహం చిట్లించింది.

"ఏమిట్రా నీ కాళ్లు ఇంత కంపు కొడుతున్నాయి?"

వంటగదిలో దుంపల తొక్క తీస్తున్న పెద్దపిల్ల చేతిలోది వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, మళ్లీ పీల్చు."

ఆవిడ మళ్లీ పీల్చింది. మళ్లీ అదే. పుదీనా కాదు, లవంగం కాదు, మనవడి సాక్సులు. ఆవిడకు నవ్వాగలేదు. బుడ్డోడు మాత్రం ఏదో ఘనకార్యం చేసినవాడిలా రెండో కాలు కూడా ముక్కు దగ్గర పెట్టాడు.

మిగతావి మెల్లగా ఒకటీ అరా వస్తున్నాయి. రుచి ఇంకా పూర్తిగా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. ఉప్పు ఇప్పటికీ పెద్దపిల్లే చూస్తుంది. శనివారాలు కూతురికి సెలవు దొరికితే తనూ వచ్చి, దుంపల తొక్క తీస్తూ వాళ్ల పక్కన నేల మీద కూర్చుంటుంది.