దూది కవచంలో కోట కావలి

శ్రావణ మాసం, రెండో శనివారం, పగలు పదకొండూ పది. ఆదోని కోట మెట్ల మీద నా పరువు నీళ్లలో నానడం మొదలైన సమయం అది. అబద్ధమనుకుంటే, ఆ రోజు అక్కడున్న వాళ్ల పేర్లు చివర్లో ఇస్తాను. పోయి అడుక్కోండి.

మాది ఎమ్మిగనూరు. నలభై ఏళ్లు మగ్గం నేసినవాణ్ణి. యాభై రెండో ఏట అక్షరాలు దిద్దాను. దిద్దించింది నరసింగరావు సారు. ఉద్యోగం అయిపోయాక ఆయనకు చరిత్ర పిచ్చి పట్టింది. పక్కనున్న నాకు అంటకుండా ఉంటుందా? ఆదివారమైతే ఆదోని బస్సెక్కడం, కోట రాళ్లు చూడటం. ఆయన ఇచ్చిన చరిత్ర పుస్తకాన్ని రోజుకొక పుట చొప్పున చదివేవాణ్ణి, కొత్తగా పళ్లు కట్టించుకున్నవాడు సెనగలు నమిలినట్టు.

ఒక పుట చివర్లో ఉంది: పాతకాలపు సిపాయిలు దూది కూరిన మందపాటి అంగీలు తొడిగేవాళ్లట. వాటిలో కత్తి దిగేది కాదట. అచ్చులో ఉన్నాక ఇక అనుమానమేముంది?

అప్పటికే సారు ఆదోనిలో ఒక బడి పెద్దమేడమ్‌ను బతిమాలుతున్నారు, నెలకోసారి పిల్లలకు కోట కథలు చెప్పనివ్వమని. ఆమె పేరు పద్మావతి. దూది అంగీ మాట వినగానే నవ్వేశారు.

"బట్టకు కత్తి ఆగుతుందా? కట్టుకథలు చెప్పేవాళ్లను నేను బడిలోకి రానివ్వను సార్."

"శనివారం పిల్లల్ని కోటకు పిల్చకరాండి మేడమ్, సూపిస్తాం," అన్నాను నేను. సారు నా కాలు తొక్కారు. ఆలస్యంగా తొక్కారు.

ఇంటికొచ్చి, పుట తిప్పే తీరిక కూడా లేకుండా సూది పట్టాను. పన్నెండు మడతల నేత గుడ్డ, మధ్యలో దూది. అట్టలా నిలబడాలని పడుగుకు పెట్టే గంజి దట్టంగా పట్టించాను. బిగించి కట్టుకోవడానికి వీపు మీద పదహారు ముళ్లు.

నా భార్య సుంకమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఏమయ్యా, యుద్ధానికి పోతాండావా, పరుపు పరుచుకోను పోతాండావా?"

"నీకు సరిత్ర తెల్దులే."

"సరిత్ర తెల్దు గానీ, ఇది వానాకాలమని తెలుసు."

"ఆదోనిలో వానా! దాని మొగం సూసి ఎన్నాళ్లాయ!"

ఆ మాట మేఘాల్లో ఎవరో విన్నారు.

శనివారం ఏడో తరగతి పిల్లలంతా మెట్ల మీద కూర్చున్నారు. తమాషా చూడాలని నా వెంటే వచ్చిన సుంకమ్మ ఒక పక్కన నిలబడింది. నేను బల్లెం పట్టుకుని నిలబడ్డాను. "పిల్లలూ, ఈయనే కోట కావలి," అని సారు మొదలుపెట్టారు. నా ముక్కు మీద ఒక చినుకు పడింది. తర్వాత ఆకాశం మొత్తం పడింది.

కింద ఊళ్లో జనం సంతోషంతో కేకలు పెడుతున్నారు. నా అంగీ మాత్రం ఎండకు తిరిగొచ్చిన బర్రెలా నీళ్లు తాగుతోంది. గంజి కరిగి పంచె మీదుగా మెట్ల మీదికి కారింది. ఒక మేక వచ్చి నాకడం మొదలుపెట్టింది. పిల్లలు మండపంలోకి పరుగెత్తారు. నేనూ ఒక అడుగు వేశాను. జారి కూలబడ్డాను.

"లెయ్యప్పా ఈరన్నా!" అన్నారు సారు.

"నేను లేస్తాండా సార్, అంగీ లేస్తా లేదు!"

తడిసిన ముళ్లలోకి వేలు దూరలేదు. అంగీ బిగిసి నాకు ఊపిరాడటం లేదు. సారు హడలిపోయి, మెట్ల దగ్గర కొబ్బరి బోండాలు అమ్మే ఖాజాను పిలిచారు. "కోసెయ్యప్పా!"

ఖాజా అంగీ అంచును ఎత్తి పట్టుకుని బోండాల కత్తి పెట్టి లాగాడు. తెగలేదు. రంపంలా ఆడించాడు. "బోండామైతే ఒక దెబ్బకు తెగుతాది. నువ్వు తెగవేందన్నా?"

"నన్ను కాదప్పా, అంగీని కొయ్యి!"

మేడమ్ గొడుగేసుకుని వచ్చారు. కత్తి తీసుకుని ఆమే కోసి చూశారు. పైమడత ఒకటి తెగింది. మిగతా పదకొండూ కదల్లేదు.

"పక్కకు జరగండి," అంది సుంకమ్మ. "ఈయప్ప ముడి యాడేసింటాడో నాకు తెలుసు." చంక కింద తడిమి, నా కుట్టు ముడిని పంటితో కొరికి దారం లాగింది. కుట్టంతా విడిపోయింది. శెనక్కాయ బుడ్డలోంచి గింజలా నేను బయటపడ్డాను.

మేడమ్ చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. "వచ్చే నెల నుంచి బడికి రండి సార్. కత్తి దిగదని నా చేత్తోనే చూశాను. ఈయన్ని మాత్రం పొడిగా తీసుకురండి."

సారు మురిసిపోయి సంచిలోంచి పుస్తకం తీశారు. ఆమెకు ఆ పుట చూపిస్తూ, చెయ్యి ఊరుకోక తర్వాతి పుట తిప్పారు. ఆయన మొహం మారింది. ఆ పుట మొదట్లోనే ఉంది: తడిస్తే ఆ అంగీలు మనిషిని కదలనివ్వవట, వానలో సిపాయిలు వాటిని విప్పి దాచేవాళ్లట.

"ఇది సదవలేదా ఈరన్నా?"

"అది మరుసటి దినం పుట సార్."

అందుకే నా మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: పుట తిప్పి చూడనిదే ఈ జన్మలో సూదిలో దారం ఎక్కించను.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: నరసింగరావు సారు, పద్మావతి మేడమ్, బోండాల ఖాజా, ఏడో తరగతి పిల్లలందరూ, నా భార్య సుంకమ్మ, గంజి తాగిన మేక. అంగీ లోపల, నేను.