పేరు చెప్పని కేశవులన్న

మొన్న ప్రొద్దుటూరులో మా వీధి మలుపు దగ్గర సినిమా జీపు ఒకటి ఆగింది. దాని నెత్తిన ఉన్న బూర స్పీకరు మాట మొదలుపెట్టకముందే కూ అని ఒక కూత పెట్టింది. ఆ కూతకు మా గోడ సున్నం రెండు వీశెలు రాలిందనీ, ఎదురింటి పిల్లి ఆ రోజు నుంచి శాకాహారం పట్టిందనీ నేను చెబితే మీరు నమ్మకూడదు. నేను ఏది చెప్పినా పది పాళ్లలో తొమ్మిది తీసేసి పుచ్చుకోవడం మా ఇంట్లోవాళ్లకు అలవాటు. కాని ఆ కూత చెవిన పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డానన్నది మాత్రం నిజం. ఇరవై ఏళ్ల కిందట పార్కులో సాయంత్రం పూట సరిగ్గా ఇలాంటి కూతే వినిపించేది. దాని వెనకాల ఒక దగ్గు, దగ్గు వెనకాల కేశవులన్న గొంతు. మొన్న కూత వెనకాల వచ్చింది సినిమా పేరూ, ఆటల వేళలూ. మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మీరు తీసేయవలసిన తొమ్మిది పాళ్లూ మొదటి సగంలోనే ఉన్నాయి. రెండో సగంలో నేనేమీ పెంచలేదు.

అప్పుడు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఉండేది. ఊళ్లో రేడియో ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకని పార్కు మధ్యలో చిన్న గది కట్టి, అందులో రేడియో పెట్టి, నాలుగు స్తంభాలకు నాలుగు బూరలు కట్టారు. సాయంత్రం వార్తలు, ఆపైన పాటలు. ఈ రెంటికీ మధ్య మున్సిపాలిటీ ప్రకటనలు చదవడానికి ఒక మైకు. రేపు కుళాయి నీళ్లు రావు, ఎల్లుండి టీకాలు వేస్తారు, ఎవరిదో ఎర్రావు బందెలదొడ్లో ఉంది. ఈ మూడు ముక్కలు చదవడానికి పెట్టిన మనిషి కేశవులన్న. చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టుండేవాడు. మామూలుగా మాట్లాడితే పక్కనున్న మనిషి కూడా “ఏందీ?” అని చెవి ఒగ్గవలసిందే. అదే గొంతు మైకులోంచి బయటికొస్తే పెన్నలో చేపలు తలలు పైకెత్తి వినేవి. ఆయన మూడు ముక్కలూ చదివి, ఒకసారి దగ్గి, నాలుగో ముక్క తన సొంతంగా చెప్పేవాడు. ఊరు పార్కుకు వచ్చేది ఆ నాలుగో ముక్క కోసం.

“పెద్ద బజార్లో ఒక బియ్యం అంగడుండాది. ఆ అంగట్లో బియ్యం కొలిచే పడికి కడుపుబ్బరం. అడుగు పైకి ఉబ్బి, బియ్యం పట్టడం ల్యా. పేరు చెప్పను. పేరు చెప్తే పొగరు పెరుగుతాది.” అంతే, పాటలు పెట్టేసేవాడు. ఆయన చెప్పింది ఒక్క అంగడి సంగతి. తెల్లవారి కంచరివాడి దగ్గర అడుగు కొట్టించుకోవడానికి ఐదు అంగళ్ల కొలతలు వరసగా కూర్చున్నాయి.

ఆయన మీద ఊరికి ఒకే అభిప్రాయం ఎన్నడూ లేదు. ఒకే మనిషికి కూడా లేదు. గేటు దగ్గర వడలమ్మే రామలక్కమ్మ నూనెలో పిండి వేస్తూ ఒక శాపం, తీస్తూ ఒక శాపం పెట్టేది. “వాని నాలిక మీద పుండు పుట్ట. నిన్న మా మరిది మాట చెప్పె. ఆ పిల్లోడు బజార్లోకి రాలేక సస్తాండాడు.”

“అయితే రేపట్నుంచి వినవా అక్కా?” అన్నాను.

“ఎట్ల వినకుండా ఉండేది? రేపు మా తోడికోడలి మాట చెప్తే?”

కాఫీ హోటలు నాగిరెడ్డి మామ ఇంకో రకం. కేశవులు లేకుంటే ఊళ్లో దొంగలకు భయం లేదని సోమవారం అనేవాడు. మంగళవారం “పాలల్లో కొళాయి పారుతాండే హోటలు” గురించి నాలుగో ముక్కలో రాగానే, వాణ్ణి బండకేసి ఉతకాలన్నాడు. గురువారానికి నన్ను చాటుగా పిలిచి, “ఏమప్పా, నా హోటలు మాట మల్లా ఎప్పుడు చెప్తాడంట? ఆ పొద్దు జనం శానా వచ్చిరి” అని అడిగాడు. రేడియో గది తలుపుకు ఎవరో పేడ కొట్టారు ఒకసారి. కొట్టిన వాడెవడో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం ముందు వరసలో చేతులు కడుక్కోకుండా కూర్చున్నాడు.

నేనప్పుడు మున్సిపాలిటీలో గుమాస్తాను. ప్రకటనల కాగితం తీసుకుని రోజూ ఆ గదికి వెళ్లేవాణ్ణి. రాసే పిచ్చి అప్పటికే ఉంది. నాలుగో ముక్కకు పనికొస్తుందని మూడు పేజీలు రాసి ఇస్తే, ఆయన పెన్సిలు తీసుకుని రెండున్నర పేజీలు కొట్టేసేవాడు. “శానా రాస్తాండావప్పా. మనిషి తప్పు చెప్పు, మీసం చెప్పొద్దు” అనేవాడు. ఆ బియ్యం అంగడికి ఆయన తానే సంచి పట్టుకుని మూడుసార్లు పోయి, ఇంటికొచ్చి వేరే పడితో కొలిచి చూశాకే నోరు విప్పాడు. కంటితో చూడనిది ఆయన మైకులోకి పోయేది కాదు. ఇవాళ నేను రాసే నాలుగు వాక్యాలు మూడో వాక్యం దగ్గర ఆగుతున్నాయంటే ఆ పెన్సిలు పుణ్యమే. ఆ పెన్సిలు ఒక్క రోజు మాత్రం పని చేయలేదు.

పులివెందులలో ఆయన చెల్లెలికి జబ్బు చేసింది. వారం రోజులుగా బస్సులో పోయి వస్తున్నాడు. ఆ సాయంత్రం బస్సు దిగి, తల నిండా దుమ్ముతో నేరుగా గదికి వచ్చాడు. వార్తలు అయిపోవస్తున్నాయి. బయట జనం ఇసక వేస్తే రాలకుండా ఉన్నారు. “ఏమన్నా ఉందాప్పా?” అన్నాడు. నా జేబులో మధ్యాహ్నం ఆఫీసులో పొద్దుపోక రాసిన కాగితం ఒకటుంది. ఇచ్చాను. ఆయన చదివి నా మొహంలోకి చూశాడు.

“చూసినావా?”

“చూసినా.”

పెన్సిలు తీయలేదు. మైకు ముందు దగ్గి, ఉన్నదున్నట్టు చదివాడు. “మన ఊర్లో కళాయి పూసే మనిషి ఒకడుండాడు. తగరం బదులు సీసం పూస్తాడు. గిన్నె మెరుస్తాది, అందులో తిన్నోడు మెరవడు. ఎడమచేత్తో పూస్తాడు. కుడిచెయ్యి దేవునికి భయపడి దూరంగా ఉండాది. పేరు చెప్పను.”

జనం నవ్విన నవ్వుకు కాకులు లేచి వేంపల్లె దాకా పోయాయి. నేను గదిలో గోడకు ఆనుకుని, ఆ నవ్వు నాదని ఒళ్లంతా పులకరించి నిలబడ్డాను. నేను చూసిందేమీ లేదు. సీసమూ లేదు, మనిషీ లేడు. ఉత్త అబద్ధం చప్పగా ఉందని దానికి ఒక ఎడమచెయ్యి అతికించాను, అంతే.

ఈ తరం వాళ్లకు చెప్పాలి. అప్పట్లో వంటంతా ఇత్తడి గిన్నెల్లోనే. లోపల కళాయి లేకపోతే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. కళాయి పూసేవాడి మీద నమ్మకంతోనే ప్రతి ఇల్లూ చారు తాగేది. మర్నాడు ఆఫీసుకు పోతుంటే ఆడవాళ్లు చంకల్లో గిన్నెలతో గుంపులుగా పోతున్నారు. వెంట వెళ్లాను. ఒక ఇంటి ముందు కొలిమి ఆరిపోయి ఉంది. యాభై ఏళ్ల మనిషి, లుంగీ, బనీను, నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల చుట్టూ తిరిగొచ్చిన గిన్నెలు. ఆయన ఎడమచేతిలో పట్టకారు ఉంది. పేరు దస్తగిరి. ఆయన్ని నేను ఎరగను. ఎప్పుడో ఏ వీధిలోనో పోతూ చూసి ఉంటాను. నేను మరిచిపోయాను, నా కలం మరిచిపోలేదు.

“ఈ గిన్నెలో తిని మా పిల్లోడు వాంతులు చేసుకున్యాడు,” అంది ఒకావిడ.

“ఎప్పుడు తల్లీ?”

“పోయినేడు.”

ఆ సాయంత్రం దస్తగిరి పార్కుకు వచ్చాడు. తాను కళాయి పూసిన గిన్నెలోనే చింతపండు చారు కాచి తెచ్చి, అందరూ చూస్తుండగా అడుగు కనిపించేదాకా తాగాడు. రామలక్కమ్మ వడలు తిప్పుతూ, “ఒక దినం తాగితే ఏమైతాది? సీసం మెల్లంగా పని చేస్తాదంట” అంది. ఆయన ఖాళీ గిన్నెతో రేడియో గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“అప్పా, నీ మాట దినామూ వింటాండా. నవ్వుతాండా కూడా. నిన్న గూడా అందరితో పాటు నవ్వినా. ఎడమచెయ్యి అన్యాక పక్కనోళ్లు నా చేతికల్ల చూసిరి. అప్పుడు ఆపినా.”

కేశవులన్న నా వైపు తిరిగాడు. “చూసినావా?” అని మళ్లీ అడిగాడు. నేను తల ఎత్తలేదు. ఆయనకు జవాబు దొరికింది.

“ఎవరు చెప్పిరప్పా నీకు?” అన్నాడు దస్తగిరి.

“ఎవరూ చెప్పల్యా మామా. నేనే కల్పించినా,” అన్నాడు కేశవులన్న.

“అయితే నా పేరు పెట్టి చెప్పు, దస్తగిరి అట్లాటోడు కాదని.”

కేశవులన్న మైకు దగ్గరికి లాక్కున్నాడు. “పేరు చెప్తే...” అని ఆగాడు. “చెప్పన్నా, చెప్తే తీరిపోతాది” అన్నాను నేను. దస్తగిరి బాధ తీరాలని అన్నానా, నాది తీరాలని అన్నానా అన్నది నాకు తెలుసు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ఆయన చెప్పాడు. నిన్నటి మాట అబద్ధమనీ, దస్తగిరి మంచి పనిమంతుడనీ, తప్పు తనదనీ. పార్కులో మొదటిసారి ఎవరూ నవ్వలేదు. మూడేళ్లుగా బూరల్లో ఒక్క మనిషి పేరూ వినని ఊరికి ఒక పేరు వినబడింది. ఎడమచేతి కళాయివాడెవరో తెలియని వీధులకు కూడా తెలిసింది. “ఎవరి పేరూ చెప్పనోడు ఈయప్ప పేరు చెప్పినాడంటే, ఊరికే చెప్పినాడా?” అన్నాడు నాగిరెడ్డి మామ. ఎవరో గొంతు మీద కత్తి పెట్టి చెప్పించారని ఇంకొకరు. కేశవులన్నను తిట్టేవాళ్లు కూడా ఆయన చెప్పిన అబద్ధాన్ని నమ్మారు, ఆయన చెప్పిన నిజాన్ని నమ్మలేదు. అభిమానులకు మరీ కోపం. వాళ్లు భయపడే గొంతు కోసం వచ్చేవాళ్లు, క్షమాపణ అడిగే గొంతు కోసం కాదు. ఆ రోజు నుంచి నాలుగో ముక్క లేదు. మూడు ముక్కలే చదివేవాడు. నెల తిరగకముందే పార్కులో బెంచీలు ఖాళీగా కనిపించాయి.

దస్తగిరి సామాను కట్టుకుని జమ్మలమడుగు చేరాడు. ఆయనకన్నా ముందు బస్సులో ఆ మాట చేరింది. ఒక ఆదివారం కేశవులన్న ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నెలన్నీ గోతంలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. సంత మధ్యలో దస్తగిరి పక్కన కూర్చుని గిన్నెలన్నీ పూయించాడు. “నేను ప్రొద్దుటూరు పార్కు కేశవుల్ని. నేను చెప్పింది అబద్ధం” అని వచ్చేపోయే వాళ్లకు చెప్పాడు. మైకు లేని ఆ గొంతు పక్కన మూట పరిచినవాడి దాకా కూడా పోలేదు.

ఒక రైతు ఆగి, “కేశవుల గొంతు మేం విన్యాం లేప్పా. ఉరిమినట్టుంటాది. నువ్వెవరో” అని పోయాడు.

సాయంకాలం దస్తగిరి గిన్నెలు గోతంలో సర్ది ఇస్తూ, “ఇంగ రావొద్దప్పా” అన్నాడు. “నువ్వు చెప్పేకొద్దీ ఇంకో వీధికి తెలుస్తాంది.”

ఒక రాష్ట్రం పోయి ఇంకో రాష్ట్రం వచ్చింది. బూరల్లో ఆంధ్రప్రదేశ్ అన్న మాట కొత్తగా వినబడుతున్న రోజుల్లో ఒకనాడు కేశవులన్న ప్రకటనల కాగితం నా చేతిలోంచి తీసుకుంటూ, “మా చెల్లెలు చూసిందంట. దస్తగిరి పులివెందుల్లో ఉండాడు. ఈ తూరి నువ్వు పో. నేను రాను” అన్నాడు. ఆ సంగతి జరిగాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఊళ్లో ఒక్కరికీ నా మాట చెప్పలేదు. పెన్సిలు మాత్రం మళ్లీ నా కాగితం మీద పెట్టలేదు. ఆ రెండింట్లో ఏది పెద్ద శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వెళ్లాను. బస్సులు ఆగే చోటికి దగ్గరగా ఒక సందులో కొలిమి పెట్టుకున్నాడు. కళాయి అంటడానికి చల్లే నవాసారం పొగలో దగ్గుతూ గిన్నె లోపల రుద్దుతున్నాడు. కళాయి పూసే దూది కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ల మీద కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా నీరు కారుతున్నవి. గిన్నె యజమానురాలు లోపలికి తొంగి చూసి, “ఏంది సాయిబూ, ఈడంతా అంటనే ల్యా. ఎప్పుడూ పూయనోని మాదిరి పూస్తాండావే” అని కసురుకుంది. ఆయన గిన్నె మళ్లీ నిప్పుల మీద పెట్టాడు. ఆమె చెప్పింది నిజం. కళాయి మరకలు మరకలుగా ఉంది.

ఆమె పోయాక చెప్పాను. కేశవులన్న కల్పించింది కాదనీ, ఆ కాగితం రాసింది నేననీ. ఆయన నా మొహం గుర్తుపట్టడానికి ప్రయత్నించాడు.

“నీకు నేను తెలుసునా?”

“తెలీదు మామా.”

“నాతో ఏమన్నా పగా?”

“లేదు.”

ఆయన దూది పక్కన పెట్టాడు. “తెలియకనే అంత సరిగ్గా ఎట్ల రాసినావప్పా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆయన మళ్లీ పనిలో పడ్డాడు.

తిరిగొచ్చి కేశవులన్నకు చెబితే ఒకటే అడిగాడు. “ఏ చేత్తో పూస్తాండాడు?” కుడిచేత్తో అన్నాను. లేచి గదిలోకి పోయి రేడియో పెట్టాడు. ఆయన పోయి ఇప్పటికి ఎనిమిదేళ్లు. పాడె వెనక నడిచేవాళ్లలోనూ ఊరికి ఒక నోరు పోయెనే అని కొందరు, ఇన్నాళ్లకు ఆ నోరు మూతపడె అని కొందరు. నాగిరెడ్డి మామ రెండూ అన్నాడు.

నేను నవ్వించేవి రాసుకుంటూ బతుకుతున్నాను. ఆవును ఏనుగు చేస్తాను, ఏనుగుకు రెక్కలు పెడతాను. చదివినవాళ్లు వీధిలో ఆపి, “ఏం రాసినావు సామీ, అచ్చం మా పక్కింటాయన్ని చూసి రాసినట్టే ఉంది” అని చెయ్యి పట్టుకుని ఊపుతారు. నా వృత్తిలో ఇంతకు మించిన పొగడ్త లేదంటారు. అప్పుడు నేను ఆ చెయ్యి వదలకుండా, “ఆయన ఏం పని చేస్తాడు? ఇప్పుడు బాగుండాడా?” అని అడుగుతాను. అదీ హాస్యమే అనుకుని వాళ్లు ఇంకా గట్టిగా నవ్వుతారు. జవాబు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.