పొట్టి తుపాకీ, పొడుగు పేరు

మొన్న శనివారం షూటింగ్ రేంజ్‌లో నా పరువు పోయింది. ఊరికే పోలేదండోయ్, మిషన్ పెట్టి చెక్కించుకుని మరీ పోగొట్టుకున్నాను!

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక నాకు తుపాకుల పిచ్చి పట్టిన సంగతి మీకు తెలుసుగా. మా ఊరు నోవైలో చలికాలమంతా ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా ఏదో ఒకటి పడుతుంది. మా ఆఫీసులో డేవ్ అని ఒకడున్నాడు. విడిభాగాలు కొని, పొట్టి బ్యారెల్ రైఫిల్ సొంతంగా తయారు చేసుకున్నాడు. అది చూశాక నాకూ కావాల్సొచ్చింది. దానికి ముందు ఫెడరల్ గవర్నమెంట్‌కి అప్లై చేయాలి. అప్రూవల్ వచ్చాక తయారు చేసేవాడి పేరు, ఊరు, స్టేట్ దాని మీద చెక్కించాలి. అక్షరం ఇంత ఎత్తు, ఇంత లోతు అని రూల్ కూడా ఉంది.

డేవ్ ముందే చెప్పాడు. "ఒక ట్రస్ట్ పెట్టి దాని పేరు మీద అప్లై చెయ్యి. అప్పుడు చెక్కేది ట్రస్ట్ పేరే. నా ట్రస్ట్ పేరు మూడే అక్షరాలు."

వింటానా? ఏళ్ల తరబడి వీసా ఫారాలు నింపిన చెయ్యి ఇది! పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. వెంకట సత్య లక్ష్మీనరసింహ మూర్తి చింతలపాటి అని నింపేశాను. ఇంగ్లీషులో, ఖాళీలతో కలిపి, యాభై అక్షరాలు!

నెలలు గడిచాక అప్రూవల్ వచ్చింది. ఆగానా? శనివారం రేంజ్‌కి రమ్మని టీమ్ మొత్తాన్నీ పిలిచేశాను. గురువారం చెక్కే ఆయన దగ్గరికి వెళ్లాను. ముసలాయన. ఫారం చూశాడు, తుపాకీ బాడీ చూశాడు, నన్ను చూశాడు.

"వీళ్లంతా ఎక్కడ? నువ్వొక్కడివే వచ్చావేం?"

"అంతా నేనే సార్."

"ఒక పక్క కంపెనీ పేరూ నంబరూ ఉన్నాయి. రెండో పక్క ఉన్నది ఇంత చోటు. బ్యారెల్ మీద వేసినా చట్టం ఒప్పుకుంటుంది గానీ, నువ్వు కొన్నదేమో పొట్టిది!"

ఉత్త మూర్తి అని వేసెయ్యమందామని నోటిదాకా వచ్చింది. భయమేసి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ సునీత ఒంటికాలి మీద లేచింది.

"ఫారంలో ఒక పేరు, తుపాకీ మీద ఇంకో పేరా? నిన్ను జైల్లో వేస్తే డ్రైవ్‌వేలో మంచు ఎవరు తీస్తారు?"

ఒక్క క్షణం నా గురించే బెంగ అనుకున్నాను.

"మొత్తం వేసెయ్యండి సార్" అన్నాను. చట్టం ఒప్పుకునే అతి చిన్న అక్షరాల్లో, ఉన్న చోటంతా నింపి, ఊరూ స్టేటూ ఇరికించాడు. గోత్రం ఒక్కటే మిగిలిపోయింది.

శనివారం అందరూ వచ్చారు. నా బ్యారెల్ వంక చూసినవాడు ఒక్కడుంటే ఒట్టు! అందరూ చదవడమే. ఒకాయన కార్‌లోంచి కళ్లజోడు తెచ్చుకున్నాడు. నేను కాల్చే వంతు వచ్చింది, పోయింది, చదివేవాళ్లు ఇంకా నా పేరు రెండో లైన్‌లోనే ఉన్నారు.

చివరికి డేవ్ నా భుజం తట్టాడు. "మూర్తీ, నువ్వు నిశ్చింతగా ఉండు. దొంగ ఎత్తుకెళ్లినా, నీ పేరు గీకేసేలోపు పోలీసులు వచ్చేస్తారు!"

రేంజంతా ఒకటే నవ్వు. ఈ తుపాకీ ఎవరిదో నాకు తెలీదని మెల్లగా జారుకుందామనుకున్నాను. ఎలా కుదురుతుంది? పూర్తి పేరుతో, ఊరుతో, స్టేట్‌తో సహా నాదేనని చెక్కి ఉందిగా!