చేసినోడు ముందు కూర్చోవాల

ఆ రోజుల్లో ఉదయగిరిలో సొంత కారున్నవాళ్ళం బహు కొద్దిమందిమి. నాది గుమాస్తా ఉద్యోగానికి తగని సరదా, ఒక ముసలి కారు. నా స్నేహితుడు బజారులో బట్టల అంగడి నడిపే సాయిబు. అతని కారు నాదానికన్నా ముసలిది. ఇద్దరం మెకానిక్కులం కాము. ఆదివారమొస్తే నా బండి అతను, అతని బండి నేను విప్పేవాళ్ళం. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుందని మా ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది. బండి ఎవరు బాగుచేస్తే, మొదటి ప్రయాణంలో వాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. బాగైందని నోటితో చెబితే సరిపోదు.

ఆ ఆదివారం అతను నా బండి బ్రేకులు విప్పి బిగించాడు. మర్నాడు మధ్యాహ్నం నా భార్యకు నొప్పులొచ్చాయి, నెల ముందే. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. నేను కారు తీసేసరికి అతను అంగడి వదిలేసి పరుగెత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో నా భార్య, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మా అత్త.

మర్రిపాడు రాకముందే బండి బరువెక్కింది. ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలదు. దిగి చూస్తే ముందు చక్రం పొగలు కక్కుతోంది. పట్టిన బ్రేకు వదలడం లేదు.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "శుభ్రంగా ఉంటాయని బ్రేకు రబ్బర్లు కిరసనాయిల్లో కడిగినానురా. ఉబ్బిపోయినట్టుండాయి" అన్నాడు.

నా చేతిలో స్పానర్ ఉంది. దాంతో అతని తల పగలగొట్టాలనిపించింది. లోపల నా భార్య అరుస్తోంది. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. నడిరోడ్డున నిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాను.

అతను నా చేతిలోంచి స్పానర్ లాక్కుని బండి కిందికి దూరాడు. కాలిపోతున్న చక్రం వెనక చెయ్యి పెట్టి, నట్టు వదులు చేసి, బ్రేకును బిగబట్టిన ఆయిల్ బయటికి వదిలేశాడు. చర్మం కాలిన వాసన నాకు తెలిసింది. అయినా పని అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు. చక్రం తిరిగింది కానీ ఇక బ్రేకు లేదు. గేర్లతో ఆపుకుంటూ, నడిచినట్టుగా ఆత్మకూరు చేరాం.

నా భార్య బతికింది. మగబిడ్డ దక్కలేదు. "కాస్త ముందు వచ్చుంటే..." అని డాక్టరమ్మ సగంలో ఆపేసింది.

సాయంత్రానికి మా మామ వచ్చాడు. "బ్రేకులు విప్పింది ఎవడు? వాడి మీద కేసు పెడతాను" అని వరండాలో కేకలేశాడు. స్నేహితుడు గుడ్డ చుట్టిన చేత్తో లేచి నోరు తెరవబోయాడు.

"బండి నాది మామా. విప్పమని ఇచ్చింది నేను. పెడితే నామీద పెట్టు" అన్నాను.

అది క్షమించి అన్న మాట కాదు. కడుపు మండుతూనే ఉంది. అయినా ఆ చేతిని చూశాక, అతన్ని పోలీసులకు చూపించడానికి నాకు మనసొప్పలేదు.

తర్వాత అతను మా గడప తొక్కలేదు. లారీ వెనక కట్టి తెచ్చిన కారు వాకిట్లో పడి ఉంది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. నా భార్య లేచి తిరగగలిగాక, నాతో చెప్పకుండా తనే అతని అంగడికి వెళ్ళింది. "బండి అట్లే పడుండాది అన్నా. వచ్చి చెయ్యి" అని పిలిచిందట.

నెల్లూరు నుంచి కొత్త రబ్బర్లు తెచ్చుకుని వచ్చాడు. మడత పడని వేళ్ళతోనే అన్నీ బిగించాడు. అంతా అయ్యాక తాళాలు నా చేతిలో పెట్టి, "నన్ను కూర్చోమనొద్దురా. నా చేతిమీద నాకే నమ్మకం పోయినాది" అని ఏడ్చాడు.

నాకూ నమ్మకం లేదు.

అప్పుడు వెనక తలుపు చప్పుడైంది. చూస్తే, నా భార్య ఆనాడు తాను పడుకున్న సీట్లోనే కూర్చుని ఉంది.

"ఎక్కన్నా" అంది. "చేసినోడు ముందు కూర్చోవాల గదా."