టీచర్ గారి కోపం, తాండివే స్కాలర్‌షిప్పు

మా పక్కింటి టీచర్ గారు పోయారు. ఫిబ్రవరిలో ఒక ఉదయం నేను ఆఫీసు మీటింగులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ లేదు అక్కా" అంది. స్ట్రోక్ వచ్చిందట. అంబులెన్స్ వచ్చేలోపే అంతా అయిపోయింది. మ్యూట్ చేయడం మర్చిపోయి గట్టిగా ఏడ్చేశాను. అవతల ఏమనాలో తెలియక ఎవరో, "టేక్ యువర్ టైమ్" అన్నారు. టీచర్ గారు విని ఉంటే ఆ మాట మీద కూడా మండిపడేవారు. "మన టైము మనం తీసుకునేదానికి వాళ్ళ పర్మిషన్ ఏందమ్మా?" అనేవారు.

ఇలాంటప్పుడు పోయినవాళ్ళను శాంతమూర్తులని రాయడం అలవాటు. ఈవిడ గురించి అలా రాస్తే ఈ కెనడా కేంబ్రిడ్జ్‌లో మా వీధంతా నవ్వుతుంది. ఆవిడ కోపిష్టి. ఆ కోపంతో నన్ను కూడా చాలా విసిగించారు. ఈ మాట ప్రేమతోనే రాస్తున్నాను.

టీచర్ గారిది కడప జిల్లా. పెళ్ళైన కొత్తలో భర్తతో కలిసి జాంబియా వెళ్ళి, రాగి గనులున్న ఊళ్ళో రిటైరయ్యేదాకా పిల్లలకు లెక్కలు చెప్పారు. భర్త పోయాక కూతురి దగ్గరకు కెనడా వచ్చారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు నడివయసు మనుషులు. తమ పిల్లలు బయట దేశాల్లో మాస్టర్స్ చేయాలనుకుంటే వాళ్ళకు మొదట గుర్తొచ్చేది "మేడమ్". ఆఫ్రికా విద్యార్థులకు పీజీ స్కాలర్‌షిప్పులంటూ ఎక్కడ ఏ ప్రకటన పడినా ఆవిడకు వాట్సాప్‌లో వచ్చేది. వచ్చిన మరుక్షణం నా తలుపు మోగేది.

ఎందుకంటే ఆవిడకు తెర మీద చదవడం పడదు. వాళ్ళింట్లో ప్రింటర్ లేదు. చీర మీద పెద్ద వింటర్ కోటు, కాళ్ళకు అల్లుడి స్నో బూట్లు వేసుకుని మంచులో నడిచొచ్చి, "ఇది కాస్త ప్రింట్ కొట్టివ్వు తల్లీ" అనేవారు. ప్రింటరూ ఇంకూ నావి, కోపం ఆవిడది. కాగితం చేతికందగానే నిలబడే చదవడం మొదలుపెట్టేవారు. నేను ఆఫీసు పనిలో ఉన్నానన్న సంగతి ఆవిడకు ఎప్పుడూ పట్టలేదు.

"చూడు, పుట్టినప్పట్నించి ఇంగ్లీషులో చదివిన పిల్ల మళ్ళీ ఇంగ్లీషు పరీక్ష రాయాలంట. ఆ పరీక్ష వాళ్ళ ఊర్లో లేదు. రోజంతా బస్సులో పోవల్ల. పోయి, 'మీ హాబీలేంది' అంటే చెప్పి రావల్ల!"

"రూల్ కదా టీచర్ గారూ."

"రూలని నాకూ తెలుసు. కోపం రావడం లేదా నీకు? అది చెప్పు."

నిజానికి నాకు అప్పట్లో వచ్చేది కాదు. నా డెడ్‌లైన్ల గోల నాది.

అవి ఊరంతా విద్యార్థులతో నిండిపోయిన రోజులు. మా వీధిలో ప్రతి బేస్‌మెంట్‌లోనూ తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో వచ్చిన పిల్లలే. వేర్‌హౌస్ షిఫ్టులకు పోతూ బస్‌స్టాపులో తెలుగులో మాట్లాడుకుంటూ కనబడేవారు. టీచర్ గారు వాళ్ళనూ వదిలేవారు కాదు. "ఆ కాలేజీలో ఏం చెప్తారో కనుక్కోకుండానే వచ్చేస్తివా నాయనా?" అని నిలబెట్టి అడిగేవారు. పాపం, వాళ్ళు నవ్వి తప్పించుకునేవారు. తర్వాత నా దగ్గరకొచ్చి, "ఫీజు కట్టేటోళ్ళకు వారంలో సీటు. చదివేటోళ్ళకు ఏడాది ఎంక్వైరీ" అని రుసరుసలాడేవారు.

తాండివే కథ అప్పుడే మొదలైంది. టీచర్ గారి పాత శిష్యురాలి కూతురు తను. భూగర్భ జలాల మీద పరిశోధన చేయాలని ఆశ. గనుల చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఎలా పాడవుతున్నాయో చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన పిల్ల. ఇక్కడి ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ తన దగ్గర మాస్టర్స్‌కు తీసుకుంటానన్నాడు. ఆఫ్రికా విద్యార్థుల కోసం పెట్టిన స్కాలర్‌షిప్పుకు ఆయనే పేరు పంపాడు. అది వచ్చింది కూడా. ఆ రోజు టీచర్ గారు మా ఇంటికి మైసూరుపాకు పట్టుకొచ్చారు. అది రాయిలా ఉంది. బాగుందనే చెప్పాను.

ఆగస్టులో వీసా రాలేదు. రిజెక్షన్ కాగితం నా ప్రింటర్లోంచే బయటికొచ్చింది. చదువయ్యాక తిరిగి వెళ్ళిపోతుందన్న నమ్మకం తమకు కలగలేదట. ఇంతవరకు ఏ దేశమూ తిరిగిన దాఖలా లేదట. సొంతంగా ఖర్చులు భరించగలదని బ్యాంకు ఆధారాలు సరిపోలేదట.

టీచర్ గారు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో కొట్టారు. "ఇంతవరకు యాడికీ పోలేదు కాబట్టి, ఇప్పుడు కూడా పోకూడదంట. లెక్క కుదిరిందా నీకు? డబ్బు లేకనే కదా స్కాలర్‌షిప్పు ఇచ్చిండేది! ఉందని చూపించమంటే యాడ్నించి చూపిస్తది?"

పక్కనే మనవడు ఫోన్ చూసుకుంటూ, "అమ్మమ్మా, కామ్ డౌన్" అన్నాడు.

"కామ్‌గా పడుండేదానికి ముందర చానా టైముందిలేరా" అన్నారావిడ.

అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. స్కాలర్‌షిప్పు ఆ సెప్టెంబరుకే చెల్లుతుంది. వచ్చి చేరకపోతే పోయినట్టే. పైగా, ఒకసారి వచ్చిన స్కాలర్‌షిప్పును తీసుకోనివాళ్ళు మళ్ళీ అప్లై చేయడానికి వీల్లేదు. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే గంటలకొద్దీ సంగీతం వినిపించేవారు. ఆవిడ స్పీకర్‌లో పెట్టుకుని అది వింటూనే బీన్స్ తరిగేవారు. చివరికి ఓ ఉదయం, "నువ్వు డ్రైవ్ చెయ్యి. నేను మాట్లాడతా" అన్నారు. నేను సిక్ లీవ్ పెట్టాను. ఆవిడకు ఎదురు చెప్పడం కంటే అదే తేలిక.

యూనివర్సిటీలో మొదటి కౌంటర్ వాళ్ళు రెండో బిల్డింగుకు పంపారు. అక్కడివాళ్ళు మమ్మల్ని తిరిగి మొదటి కౌంటర్‌కే పంపారు. అక్కడున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఐ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్" అంది. టీచర్ గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, క్లాసులో అడిగినట్టు అడిగారు.

"మంచిది. ఏం అర్థమైందో నాకు చెప్పు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. టీచర్ గారు మాత్రం నెమ్మదిగానే చెప్పారు. "తీసుకోకపోవడం వేరమ్మా, తీసుకోనివ్వకపోవడం వేరు. మీ రూలు మొదటివాళ్ళ కోసం రాసింది. మా పిల్ల రెండో రకం. ఈ తేడా ఎవరికి చెప్పాలో వాళ్ళ దగ్గరకు నన్ను పంపించు. అంతే నేనడిగేది."

ఆ అమ్మాయి లేచి లోపలికెళ్ళింది. ఎవరితోనో మాట్లాడి వచ్చి, ఆ ప్రొఫెసర్ గది ఎక్కడో చూపించింది. స్కాలర్‌షిప్ కమిటీకి ఆయన రాస్తేనే చెల్లుతుందట. ప్రొఫెసర్ పెద్దమనిషి, కాస్త మొహమాటస్తుడు. "నేను చేయగలిగిందేమీ లేదేమో" అంటూ మొదలుపెట్టాడు. టీచర్ గారు ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుని, గనుల ఊళ్ళో నీళ్ళు మరగబెడితే గిన్నె అడుగున ఏ రంగు మిగిలేదో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన పెన్ను తీశాడు. మేము బయటికి వచ్చేసరికి, రూల్ మీద అభ్యంతరం రాయడానికీ, ఆ పిల్ల పేరు మళ్ళీ పంపడానికీ ఒప్పుకున్నాడు.

కార్లో నేను, "అంత కోపంలో అంత నెమ్మదిగా ఎలా మాట్లాడారు?" అని అడిగాను.

"కోపముంటేనే పనికి పోతామమ్మా. జాలిపడితే టీ తాగి ఇంటికి పోతాం" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ చలికాలంలోనే మా స్నేహితుల ఇంట్లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్ జరిగింది. మార్కమ్ నుంచి వచ్చిన ఒక అంకుల్, పులిహోర వడ్డించుకుంటూ, "మన పిల్లలే ఇక్కడ ఇన్ని అవస్థలు పడుతున్నారు కదండీ. ఆఫ్రికా వాళ్ళ కోసం మీకెందుకింత తాపత్రయం?" అన్నారు. టీచర్ గారు ప్లేటు పక్కన పెట్టారు.

"నేను ఆ దేశానికి పోయినప్పుడు వాళ్ళ గవర్నమెంటు నాకు ఉద్యోగమిచ్చింది, ఇల్లిచ్చింది. మా పాప అక్కడి బడిలోనే చదివింది. 'మన వాళ్ళుండగా ఈ ఇండియా ఆమెకు ఉద్యోగమెందుకు' అని ఆ పొద్దు ఎవరన్నా అనింటే, ఈ పొద్దు నేను మీ పక్కన నిలబడి పులిహోర తింటా ఉంటానా?"

ఆవిడే కాసేపటికి అంకుల్ ప్లేటులో ఇంకో గరిటె వడ్డించి, "ఉప్పు తక్కువైంది, చూసుకోండి" అన్నారు. ఆవిడ కోపం మనిషి మీద నిలిచేది కాదు.

కమిటీ చివరికి దారికొచ్చింది. తాండివేకి మరో ఏడాది పోయింది, మళ్ళీ అన్ని కాగితాలూ పంపాల్సి వచ్చింది. గడువు దాటిందని ఇంగ్లీషు పరీక్ష కూడా మళ్ళీ రాయించారు. ఆ వార్త విన్నరోజు టీచర్ గారు కాళ్ళకు ఏమీ వేసుకోకుండానే వచ్చి మా తలుపు కొట్టారు. అంత కోపమొచ్చింది. ఈసారి వీసా వచ్చింది. కాగితాల్లో ఏం మారిందని వచ్చిందో మాకు ఈనాటికీ తెలియదు. అందరికీ అలా జరగలేదన్నది కూడా రాయాలి. జాంబియా పక్కనున్న మలావీలో ఒక అబ్బాయి, వీసా రెండుసార్లు రిజెక్ట్ కావడంతో విసిగి, అక్కడే బడిలో పంతులుగా చేరాడు. "మంచి టీచరవుతాడు" అన్నారావిడ. అతని కాగితాలు మాత్రం నన్ను పారేయనివ్వలేదు.

సెప్టెంబరులో తాండివేను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకున్నాం. టీచర్ గారు కౌగిలించుకుని ఏడుస్తారేమో అనుకున్నాను. "కోటేది?" అన్నారు. దారంతా, ఏ బావుల దగ్గర శాంపిళ్ళు తీస్తావు, ఎలా తీస్తావు అని ప్రశ్నలే. ఇంటికి వెళ్ళాక మాత్రం మొక్కజొన్న పిండితో వాళ్ళ శిమా చేసి, గోంగూర పచ్చడితో పెట్టారు. "మన సంకటే, తెల్లచీర కట్టుకుంది" అని నాకు చెప్పారు. తాండివే ఒక ముద్ద తిని, కాస్త తటపటాయించి, "ఉండలు కట్టింది మేడమ్" అంది. అంత ధైర్యంగా ఆవిడకు తప్పు చూపించినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. టీచర్ గారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు కూడా నేను అంతకుముందు చూడలేదు.

తాండివే రెండో ఏడాదిలో ఉండగానే ఆవిడ పోయారు.

అంత్యక్రియలకు హాలు కాసేపే ఇచ్చారు. చావుకు కూడా స్లాట్ బుక్ చేయాలి ఈ ఊళ్ళో. పంతులు గారు మంత్రాలు తొందరగా కానిచ్చారు. ఆవిడ అప్లికేషన్లు దిద్దిపెట్టిన ఆఫ్రికా పిల్లలు గ్వెల్ఫ్ నుంచీ, టొరంటో నుంచీ వ్యాన్లో మంచులో వచ్చారు. పాడతామని తాండివే అడిగేసరికే, తర్వాతి కుటుంబం వెయిట్ చేస్తోందని హాలు మనిషి వచ్చి చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. తాండివే నా చేయి పట్టుకుని ఆపి, నెమ్మదిగా బయటికి నడిచింది. మిగతావాళ్ళు తన వెనకే వెళ్ళారు.

పార్కింగ్‌లో, శవపేటిక ఎక్కించిన కారు చుట్టూ నిలబడి వాళ్ళ భాషలో పాట మొదలుపెట్టారు. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు మరో గొంతులో కలిశారు. మా తెలుగువాళ్ళం కారు తాళాలు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాం. మంచు పడుతూనే ఉంది. ఇంజన్ ఆన్ చేసి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న డ్రైవరు కాసేపు అద్దంలోంచి చూశాడు. తర్వాత ఇంజన్ ఆపి, కిందికి దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పాట అయ్యేదాకా అతని జుట్టు మీద మంచు పడుతూనే ఉంది.